పాట క్రింద ఎవరి పేరు?



మీ యింట నున్న కీర్తనల పుస్తకమును ఒకసారి తెచ్చి యెదుట పెట్టుకొనుడి. ఏదైన ఒక కీర్తన తీయుడి. పైన రాగము పేరు, తాళము పేరు కనబడును. పాట ముగిసిన చోట చిన్న అక్షరములతో ఒక మనుష్యుని పేరు కనబడును. ఆదివారము ఆ పుటను ఎన్నిమార్లు తెరచితిమో లెక్కలేదు గాని ఆ చిన్న అక్షరములను ఎన్నిమార్లు చదివితిమి? నేను సెమినరీలో చదివిన దినములన్నిటను ఆ పేరులను చూడకయే పాడితిని. వాటిని చూచుట నాకు నేర్పినది సెమినరీ కాదు. మొయినాబాదు దగ్గర ఒక పల్లెలో కూలిపని చేసికొని బ్రదుకు ఒక సహోదరి నేర్పినది.

సంగతి మొదటినుండి చెప్పెదను. నా సేవలో ఎక్కువ భాగము చేవెళ్ల, మొయినాబాదు పల్లెలలో గడిచినది. హైదరాబాదు నుండి చేవెళ్ల మీదుగా పోవు దారికి ఇరుప్రక్కల పెద్ద మర్రిచెట్లు కమ్ముకొనియుండుట మీలో అనేకులు చూచియుందురు. ఆ దారికి దగ్గరనున్న ఊళ్లలో ఇప్పుడు బోరుబావులును, పూలతోటలును, పట్టణపువారు కట్టుకొనిన బంగళాలును కనబడుచున్నవి. మా తండ్రుల కాలములో అవి మోటబావుల ఊళ్లు. ఎద్దులు ముందుకు వెనుకకు నడుచుచుండగా మోట కొట్టువాడు పాడుచుండును. పాట ఆగిన యెడల ఎద్దులు కూడ ఆగునని ముసలివారు చెప్పెడివారు. మా సంఘములో అట్లు మోట కొట్టిన పెద్దమనిషి ఒకడుండెను. ఆయనకు చదువు లేదు. అయితే డప్పు చేతికి వచ్చినదా, ఊరంతయు వాకిళ్లలోనికి వచ్చి నిలిచెడిది.

1998లో క్రిస్మసునకు ముందు నేనొక పాట వ్రాసితిని. ఒక పల్లవి, మూడు చరణములు. మాటలు బాగుగనే యున్నవని నాకు తోచినది గాని, పాడబోగా అవి నోట తిరుగలేదు. ఒక సాయంత్రము మందిరపు అరుగుమీద కూర్చుండి ఆయనకు చదివి వినిపించితిని. ఆయన చాలసేపు ఏమియు మాటలాడక డప్పు అంచుమీద వ్రేళ్లతో కొట్టుచు కూర్చుండెను. పిమ్మట, “అయ్యగారూ, రెండో తావుల ఒక మాట ఎక్కువైంది. అది తీసెయ్యిరి” అనెను. తీసివేసితిని. అంతట ఆయన పాడెను. ఆ రాత్రియే పిల్లలు దానిని నేర్చుకొనిరి. ఆ సంవత్సరము మేము ఇంటింటికి తిరిగి పాడినప్పుడు జనులు మరల మరల అడిగిన పాట అదియే.

మరుసటి యేట హైదరాబాదులో మా సంఘపు పాటలు ఎనిమిదింటిని క్యాసెట్టుగా చేయించితిమి. అట్టమీద వేయుటకు పేరులు అడిగిరి. “చోటు తక్కువ, ఒక్క పేరు చెప్పండి” అని అచ్చుపని చూచువాడు అనెను. నేను కొంచెముసేపు ఊరకుంటిని. పిమ్మట నా పేరు చెప్పితిని. రచన, స్వరకల్పన అని రెండు మాటలు వేసి వాటి యెదుట నా పేరు వేసిరి. ఆ పెద్దమనిషి క్యాసెట్టును రెండు చేతులతో పట్టుకొని త్రిప్పి త్రిప్పి చూచి సంతోషించెను. ఆయనకు చదువ రాదు గదా! ఆ సంతోషము నన్ను నేటివరకు బాధించుచున్నది.

ఆయన 2009లో ప్రభువునందు నిద్రించెను. తరువాత కొన్ని సంవత్సరములకు మా సంఘపు యౌవనస్థులు ఆ పాటను క్రొత్తగా పాడి యూట్యూబులో పెట్టిరి. వేలమంది వినిరి. 2022లో దానినుండి 18,400 రూపాయలు నా పేర బ్యాంకులో పడినవి. ఒక ఆదివారము ఆరాధన ముగిసినపిమ్మట ఆ పెద్దమనిషి కుమార్తె తన కుమారుని ఫోను పట్టుకొని వచ్చి, “ఇది మా నాయిన కట్టిన రాగమే గదా అయ్యగారూ. ఇండ్ల మా నాయిన పేరు ఏది?” అని అడిగెను. ఆమె స్వరములో కోపము లేదు. డబ్బు మాట ఆమె యెత్తలేదు, డబ్బు వచ్చినదని ఆమెకు తెలియదు. నాకు తెలుసును.

ఆ వారము నేను ప్రసంగమునకు సిద్ధపడలేకపోతిని. ఒకడు మాట వ్రాసి మరియొకడు వరుస కట్టిన పాటల విషయములో పూర్వులు ఎట్లు నడుచుకొనిరో వెదకనారంభించితిని. దొరికిన వాటిలో కొన్నిటిని మీ యెదుట ఉంచుచున్నాను.

మొదట దొరికినది మనమందరము క్రిస్మసు రాత్రి కొవ్వొత్తులు పట్టుకొని పాడు పాట కథ. ఆంగ్లములో దానిని ‘సైలెంట్ నైట్’ అందురు. అది పుట్టినది ఆస్ట్రియా దేశములో, జర్మను భాషలో. యోసేఫ్ మోర్ అను యౌవనుడు ఒక చిన్న గురువు. అతని తల్లి అల్లికపని చేసి పిల్లలను పోషించిన పేదరాలు, తండ్రి ఇల్లు విడిచిన సిపాయి. 1816లో అతడు ఆరు చరణముల పద్యము వ్రాసెను. రెండు సంవత్సరములు అది కాగితముమీదనే యుండెను. 1818 డిసెంబరు 24న అతడు ఓబర్న్‌డార్ఫు అను ఊరి దేవాలయములో పని చేయుచు, ప్రక్క ఊరి బడిపంతులైన ఫ్రాన్జ్ క్సేవర్ గ్రూబర్‌నకు ఆ పద్యమిచ్చి, ఇద్దరు పాడుటకు తగిన వరుస గిటారుతో కట్టుమని అడిగెను. గ్రూబర్ ఆ దేవాలయములో ఆర్గను వాయించువాడు కూడను. ఆ దినముననే వరుస సిద్ధమాయెను. ఆ రాత్రియే ఇద్దరును నిలువబడి పాడిరి. ఎలుకలు ఆర్గనును కొరికివేసినందున గిటారు వాడిరని చెప్పు కథ మీరు వినియుందురు. అది తరువాత పుట్టిన కథ. గ్రూబర్ వ్రాసిన పత్రములో ఆ మాట లేదు.

మరుసటి యేట మోర్ వేరొక ఊరికి మార్చబడెను. ఆర్గనులు బాగుచేయు కార్ల్ మౌరాఖర్ అనువాడు ఆ పాటను తన లోయకు తీసికొనిపోయెను. అక్కడ ఊరూరు తిరిగి పాడు కుటుంబములు దానిని నేర్చుకొని జర్మనీ పట్టణములలో పాడిరి. 1839లో అది అమెరికాకు చేరెను. అచ్చు వేసినవారు దానిని ఆ కొండప్రాంతపు జానపద గీతమనిరి. కర్తల పేరులు లేవు. ఇంత మంచి వరుస పల్లెటూరి బడిపంతులు కట్టగలడా యని, హేడన్ కట్టినదని కొందరు, మొజార్టు కట్టినదని కొందరు చెప్పుకొనిరి. గొప్పవారి పేరు గొప్పపాటకు దానంతట అదే అంటుకొనును. మోర్ 1848 డిసెంబరు 4న వాగ్రైన్ అను కొండఊరిలో పేదవాడుగనే మరణించెను. తన పాట లోకమంతట తిరుగుచున్నదని అతనికి ఎంతవరకు తెలిసెనో దేవునికే తెలియును.

ఆరు సంవత్సరములు గడచినవి. 1854లో బెర్లిను రాజాస్థానపు సంగీతశాలవారు ఈ పాట ఎవరిదో తెలిసికొనగోరి విచారించిరి. ఆ విచారణ గ్రూబర్ చెవికి చేరెను. అతడు డిసెంబరు 30వ తేదీని ఒక పత్రము వ్రాసెను. మోర్ చనిపోయియుండెను, సాక్ష్యము చెప్పుటకు మరియెవరును లేరు. చదువరులారా, ఇక్కడ నిలిచి ఆలోచింపుడి. ఆ దినమున గ్రూబర్ పాటంతయు తనదేయని వ్రాసినను కాదనువాడు లేడు. అతడట్లు వ్రాయలేదు. పద్యము యోసేఫ్ మోర్ వ్రాసి తన చేతికిచ్చెననియు, తాను వరుస కట్టితిననియు వ్రాసెను.

ఇంకను వినుడి. 1995లో, అనగా నూట నలువది యేండ్ల తరువాత, మోర్ స్వహస్తముతో వ్రాసిన ఒక ప్రతి బయటపడెను. ఇప్పుడది సాల్జ్‌బర్గు మ్యూజియములో నున్నది. 1820 ప్రాంతములో వ్రాసినదని పండితులు చెప్పుచున్నారు. ఆ కాగితముమీద పై మూలను మోర్ ఏమి వ్రాసెననుకొన్నారు? వరుస గ్రూబర్‌దని వ్రాసెను. వ్రాసినవాడు వరుస కట్టినవాని పేరు వ్రాసిపెట్టెను. వరుస కట్టినవాడు వ్రాసినవాని పేరు సాక్ష్యమిచ్చెను. ఒకని కాగితమును మరియొకడు చూచెనని చెప్పుటకు ఆధారమేదియు లేదు. నేను ఈ సంగతి చదివినప్పుడు పుస్తకము మూసి, క్యాసెట్టు అట్టను తీసి బల్లమీద పెట్టుకొని చాలసేపు దానినే చూచితిని.

పేరు వ్రాయుట లోకసంబంధమైన గర్వమని యెవరైన అనవచ్చును. నేనును అట్లే అనుకొనెడివాడను. అయితే మన కీర్తనల గ్రంథమును తెరచి చూడుడి. దావీదు రాజై యుండియు కీర్తనలన్నిటిమీద తన పేరు వేయించుకొనలేదు. ఆసాపు పేరున్నది, కోరహు కుమారుల పేరున్నది, హేమాను, ఏతానుల పేరులున్నవి. కొన్నిటిపైన ఏ రాగముమీద పాడవలెనో కూడ వ్రాయబడియున్నది. రోమా పత్రిక పదునారవ అధ్యాయములో, పౌలు చెప్పుచుండగా వ్రాసిన తెర్తియు తన పేరు చెప్పి వందనములు పంపుచున్నాడు. ఆ ఒక్క వచనమును తీసివేయవలెనని పౌలునకు తోచలేదు.

మన తెలుగు కీర్తనల పుస్తకమును కూర్చిన పెద్దలు కూడ మంచి పనియే చేసిరి. 1803లో పుట్టి 1890వరకు జీవించిన పురుషోత్తమ చౌదరిగారి పేరు మనకు నేడు తెలిసియుండుటకు కారణము, పాటల క్రింద ఆ పేరు అచ్చుపడుటయే. అయినను ఒక సంగతి గమనింపుడి. మాట వ్రాసినవాని పేరున్నది. రాగము పేరున్నది. ఆ రాగములో ఆ నడక కట్టినవాని పేరునకు సాధారణముగా చోటు లేదు. చౌదరిగారివలె సంగీతము తెలిసిన కవులు తామే కట్టుకొనియుందురు. తక్కినవాటి సంగతి? ఏ సంఘపు గాయకుడు, ఏ ఉపదేశి భార్య, ఏ మోట కొట్టువాడు వాటికి నడక నేర్పెనో ఆ పుటలలో లేదు.

అమెరికాలో ఫానీ క్రాస్బీ అను చూపులేని స్త్రీ, 1820లో పుట్టి 1915వరకు బ్రదికి, ఎనిమిదివేలకు పైగా కీర్తనలు వ్రాసెను. 1873లో ఆమె స్నేహితురాలైన ఫీబీ న్యాప్ ఒక వరుసను ముందుగా కట్టి ఆమెకు వాయించి వినిపింపగా, విని ఆమె మాటలు చెప్పెను. ‘బ్లెస్సెడ్ అష్యూరెన్స్’ అట్లు పుట్టినది. ఆ పాటకు ఇద్దరి పేరులును నేటికి అచ్చుపడుచున్నవి. డబ్బు మాత్రము వేరు సంగతి. ఆమెకు ఒక్కొక్క పాటకు ఒకటి రెండు డాలర్లు ముట్టెడివి, పుస్తకములు లక్షలుగా అమ్ముడుపోయెను. ఆమె సణుగలేదని జీవితచరిత్రకారులు మెచ్చుకొందురు. నాకైతే ఆమె సణుగకపోవుట ఆమెకు ఘనత గాని, ఇచ్చినవారికి ఘనతయని తోచలేదు. అదే కాలములో సాంకీ, బ్లిస్ అను ఇద్దరు గాయకులు 1875లో తమ పాటలను కలిపి ఒకే పుస్తకముగా వేసిరి. వచ్చిన రాయల్టీని ఇద్దరును తమకు తీసికొనక ధర్మకార్యములకు విడిచిరి. అదియు న్యాయమే, ఏలయనగా ఇద్దరును విడిచిరి. ఒకడు విడిచి మరియొకడు తీసికొనిన యెడల అది త్యాగమా?

పరదేశపు మాటలు చాలించి మన తెలంగాణకు వత్తము. ‘బండెనక బండి కట్టి’ అను పాటను వినని ఊరు లేదు. అది నైజాము కాలపు సాయుధ పోరాటములో బండి యాదగిరి కట్టినది. 1979లో తీసిన ‘మా భూమి’ సినిమాలో గద్దరు దానిని పాడెను. గద్దరు గొంతు గొప్పది. ఆ గొంతు వినినవారు పాటయే ఆయనదనుకొనిరి. ఆయన తనదని చెప్పుకొనెనని నేననుట లేదు. వినినవారే గొంతును బట్టి పేరు పెట్టిరి. ఇప్పటికిని మా చేవెళ్లలో పదిమందిని అడిగిన యెడల యాదగిరి పేరు చెప్పువారు ఎందరుందురో నాకు సందేహమే.

2021లో మరియొకటి జరిగెను. ‘లవ్ స్టోరీ’ అను సినిమాలో ‘సారంగదరియా’ అను పాట వచ్చినది. పాత జానపద గీతమును తీసికొని సుద్దాల అశోక్ తేజగారు దానికి క్రొత్త చరణములు వ్రాసిరి. పాట కోట్లమంది వినిరి. అప్పుడు వరంగల్లు ప్రాంతపు జానపద గాయని యొకతె, ఆ పాటను సేకరించి మునుపే టెలివిజనులో పాడినది తాననియు, తన పేరు లేకపోయెననియు చెప్పెను. పత్రికలలో కొన్ని దినములు వాదము నడచినది. జానపదమనగా అందరిదియని ఒకరు, పదిలపరచి తెచ్చినవారి కష్టము లెక్కలోనికి రాదాయని ఒకరు. తుదకు దర్శకుడు శేఖర్ కమ్ములగారు ఆమెను గూర్చి బహిరంగముగా ఒప్పుకొని, పేరును ప్రతిఫలమును ఇత్తుమని చెప్పగా గొడవ సద్దుమణిగెను. ముందే చెప్పియుండిన యెడల ఆ గొడవ పుట్టకపోవును గదా యని మీరందురు. నేనేమనగలను? నేను ఇరువది మూడు సంవత్సరములు చెప్పనివాడను.

ఇక చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదను, ఏలయనగా మన సంఘములలో పాటలు వ్రాయువారు అనేకులున్నారు, తెలిసినవారు కొద్దిమంది. మన దేశపు కాపీరైటు చట్టము 1957లో చేయబడెను. దాని ప్రకారము పాటలోని మాటలు ఒక రచన, వరుస వేరొక రచన. అనగా ఒకే చేనులో ఇద్దరి పట్టాలున్నవి. కర్త బ్రదికినంత కాలమును, మరణించిన పిమ్మట అరువది సంవత్సరములును ఆ హక్కు నిలుచును, వారసులకు చెందును. రాయల్టీ అనగా పాటను వాడుకొని సొమ్ము చేసికొనునప్పుడెల్ల కర్తకు రావలసిన పాలు. ఆరాధనలో మనము పాడుకొనుటకు ఎవరికిని రుసుము చెల్లింపనక్కరలేదు, ఆ భయము వలదు. క్యాసెట్టు చేసి అమ్మినప్పుడు, యూట్యూబులో పెట్టి డబ్బు వచ్చినప్పుడు మాత్రము పాలు లెక్కకు వచ్చును.

సినిమా పాటలలో చాలకాలము కర్తలకు ఈ పాలు అందలేదు. జీతమిచ్చి వ్రాయించుకొనిన నిర్మాతయే హక్కుదారుడని 1977లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యరుగారు, గాయకునికి చట్టములో చోటు లేకపోవుటను గూర్చి వేరుగా చింతించి వ్రాసిరి. ముప్పది అయిదు సంవత్సరముల తరువాత, కవి జావేద్ అఖ్తరు రాజ్యసభలో నుండి పోరాడగా, 2012లో చట్టము సవరింపబడెను. మాటలు వ్రాసినవాడును వరుస కట్టినవాడును, హక్కు కొనినవానితో సమానముగా రాయల్టీ పొందు అధికారమును ఇకమీదట విడిచిపెట్టుకొనజాలరు. విడిచితినని కాగితము వ్రాసిచ్చినను ఆ కాగితము చెల్లదు. సినిమాహాలులో సినిమాతోపాటు ఆడుట ఒక్కటే దీనికి వెలి. ఇంకొక మాట ఆ చట్టములో మొదటినుండియు ఉన్నది. పాటను అమ్మివేసినను, ఇది నేను కట్టినదని చెప్పుకొను హక్కు అమ్ముడుపోదు.

అయినను చట్టము అన్నిటిని చక్కపరచదు. 2017లో ఇళయరాజాగారు తమ పాటలను అనుమతి లేక వేదికలమీద పాడరాదని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారికి న్యాయవాది నోటీసు పంపించిరి. నలువది యేండ్ల స్నేహితులు! బాలుగారు, చట్టము అట్లున్న యెడల లోబడుదునని చెప్పి ఆ పాటలు పాడుట మానిరి. 2019లో ఇద్దరును మరల ఒకే వేదికమీదికి వచ్చిరి. మరుసటి సంవత్సరమే బాలుగారు పోయిరి. హక్కు ఎవరిదో చట్టము చెప్పగలిగెను గాని ఆ నడుమ పోయిన రెండు సంవత్సరములను తెచ్చి ఇయ్యలేదు. 2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కారు బహుమతి వచ్చినప్పుడు, కీరవాణిగారును, పాత వరంగల్లు జిల్లా చల్లగరిగ ఊరివాడైన చంద్రబోసుగారును ఇద్దరును వేదికమీద నిలిచి చెరియొక ప్రతిమను తీసికొనిరి. మా ఊరి చాయదుకాణములో టెలివిజను యెదుట నేనును నిలిచి చూచితిని. పాడిన ఇద్దరు యౌవనులు ఆ సభలోనే పాడిరి గాని, ఆ బహుమతి నియమములలో గాయకునికి చోటు లేదు.

ఇవన్నియు చదివిన పిమ్మట నేను సంఘ కమిటీని పిలిపించి, క్యాసెట్టు అట్టను, బ్యాంకు పుస్తకమును బల్లమీద పెట్టి సంగతి చెప్పితిని. ఒక పెద్ద, నన్ను కాపాడవలెనని కాబోలు, “దేవుని పాటకు పాలేంది అయ్యగారూ? అది దేవునిది” అనెను. ఆ మాటనే నేను ఇన్ని సంవత్సరములు నాలో నేను చెప్పుకొనుచు నిద్రపోతిని. “దేవునిదైతే అట్టమీద నా పేరు ఎందుకున్నది?” అని అడిగితిని. ఎవరును మాటలాడలేదు. స్త్రీల సమాజపు పెద్దమ్మ, బెసోరు వాగు దగ్గర సామాను కాచిన రెండువందల మందిని గూర్చి దావీదు ఏమి చేసెనో అయ్యగారే మొన్న ప్రసంగించిరి గదా అని జ్ఞాపకము చేసెను. యుద్ధమునకు పోయినవానికిని సామాను యొద్ద నిలిచినవానికిని సమానపాలు. మా కార్యదర్శి లెక్కలమనిషి. యూట్యూబు డబ్బు ఈ ఒక్క పాటకే వచ్చినది గనుక 9,200 ఆ యింటికి పోవలెననెను. అంతటితో ఆగక పాత క్యాసెట్టు లెక్క తీసెను. అప్పుడు ఖర్చులు పోను 2,600 మిగిలి మందిరపు కప్పునకు వాడబడెను. ఎనిమిది పాటలలో ఇది ఒకటి, అందులో సగము 162 రూపాయల 50 పైసలు. అందరును నవ్విరి. నేనును నవ్వితిని గాని, మందిరపు సొమ్ము ముట్టక దానిని నా జేబునుండి లెక్కపెట్టి ఇచ్చితిని.

మరుసటి దినము ఆ సహోదరి యింటికి పోయితిని. ఆమె తమ్ముని కూడ పిలిపించితిమి. మొదట నేను చేసినది చెప్పితిని. ఆమె తల వంచుకొని వినెను. నేనట్లు చెప్పుట చూడలేక కాబోలు, “పోనియ్యిరి అయ్యగారూ” అనెను. పోనియ్యనక్కరలేదని చెప్పి కాగితము తీసితిని. చేను పాలుకు ఇచ్చినప్పుడు విత్తకముందే మాట అనుకొందుము గదా, కళ్లము దగ్గర అనుకొనిన మాట తగవగును. మేము కళ్లము దగ్గర వ్రాసికొంటిమి. పాట ఎక్కడ అచ్చుపడినను ఎక్కడ వినబడినను ఇద్దరి పేరులు ఉండవలెను. మాటలలో ఆయన చేసిన దిద్దుబాటును కూడ వ్రాసితిమి. వచ్చిన డబ్బులో సగము నాకు, సగము ఆయన పిల్లలకు. క్రొత్తగా ఎవరైన పాడి అమ్మగోరిన యెడల ఇరుప్రక్కల వారిని అడుగవలెను. నేను మరణించినను నా పిల్లలు దీనికి లోబడవలెను.

సంతకము పెట్టబోవుచు ఆమె ఆగెను. “అయ్యగారూ, ఇంకోటి చెప్పాలె. ఆ రాగం నాయిన ఉత్తగ కట్టలే. మా నాయినమ్మ నాట్లేసేటప్పుడు పాడేది. నాయిన దాన్ని మోటకు మలుపుకున్నడు” అనెను. తమ్ముడు ఔననెను. వారి నాయినమ్మను నేను చూడలేదు. ఊరిలో అందరు ముసలవ్వయనియే పిలిచెడివారట. పేరు ఏమని అడిగితిని. ఇద్దరును ఒకరి ముఖము ఒకరు చూచుకొని, కొంతసేపటికి జ్ఞాపకము చేసికొని చెప్పిరి. వ్రాసితిని. ఆమెకు వేరే మనుమలును మనుమరాండ్రును ఉన్నారు. వారి సంగతి వచ్చే నెల కూర్చుండి తేల్చుకొందుమని కాగితము అడుగున వ్రాసికొంటిమి. అది ఇంకను తేలలేదు.

ఈ యేడు మా సంఘపు పాటల పుస్తకము అచ్చునకు ఇచ్చితిమి. అచ్చుకూటమునుండి ఫోను వచ్చినది. పాట క్రింద మూడు పేరులున్నవి, ఒక వరుసలో పట్టుట లేదు, ఒకటి తీసివేయవచ్చునా అని అడిగిరి.

అక్షరములు చిన్నవి చేయుడని చెప్పితిని.